ఎఫ్రాయిమన్న బండి ఆగిన రోజు

గద్వాలలో ఆ వీధి వీధంతా మగ్గాలే. పొద్దున ఏడు కాగానే ఇంటింటా మొదలైన చప్పుడు పొద్దుగూకేదాకా ఆగదు. ఒక్క మార్కండేయ ఇంట్లో మాత్రం ఆగేది. ఆడుతూ ఆడుతూ మగ్గం టక్కున ఆగేది, ఆ వెంటనే చంద్రకళ పకపకా నవ్వేది. "మొదలువెట్టిండ్రమ్మా ఆలుమగలు" అని పక్కింటి భాగ్యమ్మ మూతి తిప్పుకునేది. మూతి అటు తిప్పుకున్నా చెవి మాత్రం ఇటే పెట్టేది. ఆ సంగతి చంద్రకళకు తెలుసు.

గద్వాల చీర ఒక్కరి చేతిమీదుగా అయ్యే పని కాదు. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె నూలుకొకటి, అంచుకొకటి. అందుకే గుంట మగ్గంలో మార్కండేయ మధ్యన కూర్చుంటే, చంద్రకళ పక్కన కూర్చుని అంచు నాడె విసిరేది. పెళ్లయిన కొత్తలో ఎప్పుడు విసరాలో ఆమెకు తెలిసేది కాదు. మాటిమాటికీ చెప్పలేక అతను మగ్గం కర్ర మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. కానీ, విసురు, అని. కొన్నాళ్లకు ఆ చప్పుడు ఆమె కూడా పట్టేసింది. అతను కథ చెబుతూ చెబుతూ తెగిన దారం కోసం ఆగిపోతే, ఈసారి ఆమె కొట్టేది. టక్ టక్. కానీ, చెప్పు, అని.

ఆ కథలన్నీ ఒక అమెరికా ఆయనవి. ఎప్పుడో నూరేళ్ల కిందట జనాన్ని నవ్వించడమే పనిగా పెట్టుకుని నవలలు రాసి పోయాడట. పెళ్లికి ముందు మార్కండేయ వనపర్తిలో మేనమామ ఇంట్లో ఉండి పని నేర్చుకున్నాడు. అప్పుడు అక్కడి గ్రంథాలయంలో ఆయన నవల ఒకటి తెలుగులో చదివాడు. ఆ రచయిత పేరు పలకడానికి చంద్రకళకు నోరు తిరగలేదు. అమెరికా తాత అనేది. ఆమెకు చదువు రాదు. వచ్చినోడు చెబుతుంటే రానోళ్లకు ఏం తక్కువ అనేది.

ఆ నవలలో ఒక రైల్వే స్టేషన్. కంపెనీవాళ్లు స్టేషన్ కట్టారు, ఊరి పేరు రాసి బోర్డు పాతారు, ఎఫ్రాయిం అనే ఆయనకు టోపీ పెట్టి జెండా చేతికిచ్చి స్టేషన్ మాస్టర్ను చేశారు. బండి ఆపడం మాత్రం మరిచిపోయారు. రోజుకొక్క బండి వస్తుంది, ఎఫ్రాయిం ముఖాన ఇంత మసి కొట్టి పోతుంది. పక్కనే హన్నా అనే విధవరాలు. ఆమె మేక ఒకరోజు స్టేషన్లో టైంటేబుల్ తినేసింది. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరికి బండి వేళ కావాలన్నా మేకను చూసి చెప్పుకుంటారు. చంద్రకళ నోట్లో వాళ్లు ఎఫ్రాయిమన్న, హన్నమ్మ అయిపోయారు. ఎఫ్రాయిమన్నకు జీవితంలో ఒక్కటే కోరిక, బండి ఒక్కసారి ఆగాలి. దానికోసం ఆయన వేయని వేషం లేదు. ఒకసారి ఉత్తుత్తి పెళ్లి ఊరేగింపు తీశాడు, ఒకసారి లాటుసాహెబు వస్తున్నాడని పుకారు పుట్టించాడు, ఒకసారి తానే చచ్చిపోయానని నల్లజెండా ఎగరేశాడు. బండి ఆగలేదు.

ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, మగ్గానికెక్కితే మూడు చీరలు దిగుతాయి. ఒక్కో పడుగుకు ఎఫ్రాయిమన్న ఒక్కో ఎత్తు వేసేవాడు. మూడో చీర కోసే వేళకు చంద్రకళ అడిగేది.

"ఈసారన్న ఆగిందా?"

"ఈ పడుగుకు ఆగలే. వచ్చే పడుగుకు సూద్దాం" అనేవాడు మార్కండేయ.

ఇరవై ఆరేళ్లు ఇట్లాగే నడిచింది. కొడుకు ఉమేష్ పుట్టాడు, పెరిగాడు, అదే వీధిలో ఇంకొకరి మగ్గం మీద పనికి పోయాడు, పెళ్లి చేసుకుని సాయిశ్రీని తెచ్చాడు. బండి మాత్రం ఆగలేదు.

రెండువేల ఏడులో మార్కండేయ గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగాడు, తేనె నాకాడు. సంక్రాంతి పోయి ఎండలు ముదిరేసరికి మింగుడు కూడా పడలేదు. హైదరాబాదు తీసుకుపోతే గొంతులో పుండన్నారు, చెడ్డదన్నారు, మాట పెట్టెను కోసి తీసేశారు. మెడ కింద రంధ్రం చేసి చిన్న పైపు పెట్టారు. ఊపిరంతా ఇక అందులోంచే. రెండు నెలలకు మళ్లీ చూసి, పుండు పాకింది, ఇంటికి తీసుకుపొండి అన్నారు. పెద్ద డాక్టరు చంద్రకళను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. "పైపుకు కఫం అడ్డంపడితే బుస్సు బుస్సుమని చప్పుడొస్తుంది, మనిషి కొట్టుకుంటాడు. అప్పుడు ఒక్క నిమిషం కూడా చూడొద్దమ్మా. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి." ఆ మాట ఆమె గుండెల్లో మేకు దిగినట్టు దిగింది. అప్పట్నుంచి వంటింట్లో కుక్కరు బుస్సుమన్నా ఉరికొచ్చి చూసేది.

ఇంటికొచ్చాక మార్కండేయ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయిశ్రీ పలక కొనుక్కొచ్చి ఇస్తే మొదటిరోజు నీళ్లు అని రాశాడు. రెండోరోజు పలకను మంచం కిందికి తోసేశాడు. చంద్రకళకు రాయడం తెలియదు, అతనికి మాట లేదు. ఇక ఆ పలకతో ఏం పని అనుకున్నాడేమో. గొట్టంతో పోసిన గంజి పోయించుకునేవాడు, పైపు కడిగితే కడిగించుకునేవాడు. ముఖం మాత్రం గోడకే.

అతను బతుకుతాడన్న ఆశ చంద్రకళకు లేదు. అంత వెర్రిది కాదు. నెలో రెండు నెలలో అని డాక్టరు చెప్పింది తన చెవులతోనే విన్నది. ఆమెకు కావలసింది ఒకటే. తనను ఇన్నేళ్లు నవ్వించినవాడు గోడను చూస్తూ పోకూడదు. పోయేలోపల ఒక్కసారి నవ్వాలి. ఆ నవ్వు తాను చూడాలి. అంతకుమించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

అడగడమైతే అడిగింది గానీ నవ్వించడం తనకు వస్తే కదా. టీవీలో హాస్యం సినిమాలు పెట్టించింది. అందులోవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడుతుంటే మార్కండేయ కళ్లు మూసుకున్నాడు. భాగ్యమ్మ వచ్చి వీధిలో అందరి నడకలూ నడిచి చూపించింది. మర్యాదకైనా తల తిప్పలేదు. చివరికి చంద్రకళ తానే మంచం పక్కన కూర్చుని ఎఫ్రాయిమన్న పెళ్లి ఊరేగింపు కథ ఎత్తుకుంది. సగంలో అతను చెయ్యి ఎత్తి ఆపేశాడు. తాను చెప్పిన కథ తనకే చెబుతుంటే ఎవరికైనా ఏం నవ్వొస్తుంది?

"కొత్తది గావాలె" అంది కోడలితో. "ఆయన నాకు చెప్పనివి ఆ పుస్తకంల ఇంకా ఉంటయి. అవి దెచ్చి ఇనిపిస్త."

"ఇరవయ్యారేండ్లు చెప్పినా ఒడవలేదా అత్తమ్మా? ఎంత లావు పుస్తకమో" అంది సాయిశ్రీ.

"లావే ఉంటది. రేపు వనపర్తికి పోదాం. జర సంచి పెద్దది దీస్కో."

మర్నాడు ఉమేష్ను తండ్రి దగ్గర కూర్చోబెట్టి అత్తాకోడళ్లు బస్సెక్కారు. గ్రంథాలయంలో వెంకటయ్య అనే పెద్దాయన ఉన్నాడు. రచయిత పేరు చెప్పలేక, అమెరికా, నవ్వులు, రైలు, మేక అని చంద్రకళ చెబుతుంటే ఆయన ఓపిగ్గా విన్నాడు. మేక దగ్గరికొచ్చేసరికి చిన్నగా నవ్వి లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి దుమ్ము దులుపుకుంటూ వచ్చి ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. రెండు వేళ్ల మధ్య ఇమిడేంత సన్నం.

"గిదేనా సారూ? గింతేనా?"

"ఇంతేనమ్మా. రెండో భాగం గిట్ల ఏం లేదు. ఇదొక్కటే."

చంద్రకళకు మనసులో ఏదో తేడా కొట్టింది. సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. "సదువు బిడ్డా" అంది.

సాయిశ్రీ మొదటి పేజీ నుంచి ఎత్తుకుంది. స్టేషన్ ఉంది. టోపీ ఉంది, జెండా ఉంది. మేక టైంటేబుల్ తినేచోట చంద్రకళ కోడలి కన్నా ముందే మాట అందుకుంది, వెంకటయ్య కూడా పని మానేసి వచ్చి నిలబడ్డాడు. నాలుగు అధ్యాయాలు అట్లా నవ్వుకుంటూనే అయ్యాయి. ఐదో అధ్యాయంలో వాన పట్టుకుంది. ఎఫ్రాయిం జెండా పట్టుకుని వానలో నిలబడ్డాడు. బండి పోయింది. ఆయన జ్వరం తెచ్చుకున్నాడు. నాలుగో రోజు పోయాడు. అంతా కలిపి నాలుగు వాక్యాలు.

సాయిశ్రీ ఆగిపోయింది.

"ఆగకు. నల్లజెండా ఎగరేసే ముచ్చట గదా, ఉత్తుత్తిగ సచ్చిండు. ముంగట సదువు."

సాయిశ్రీ పేజీలు తిప్పింది. ఆ తర్వాత పుస్తకమంతా ఎఫ్రాయిం బావమరిది ఎన్నికల్లో నిలబడే కథ. ఎఫ్రాయిం పేరు మళ్లీ రాలేదు. హన్నా ఊరు విడిచిపోయింది. పెళ్లి ఊరేగింపు లేదు, లాటుసాహెబు లేడు, నల్లజెండా లేదు.

"సారూ, ఇది వేరే పుస్తకం. నాది ఇది గాదు. నా పుస్తకంల ఎఫ్రాయిమన్న సావడు."

"పుస్తకంల ఏముంటే అదేనమ్మా" అన్నాడు వెంకటయ్య, తప్పంతా తనదే అన్నట్టు.

చంద్రకళ వాదించడానికి నోరు తెరిచింది. అప్పుడు వాన గుర్తొచ్చింది.

పెళ్లయిన రెండో ఏడు. వాళ్లకు మొదట పుట్టింది ఆడపిల్ల. పిల్లకు తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. పేరు కూడా ఇంకా ఇంట్లో అందరి నోటికీ అలవాటు కాలేదు. మూడు వారాలు చంద్రకళ నోట మాట లేదు. మగ్గం మీద చీర సగంలో ఆగిపోతే మార్కండేయ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుంటలో కూర్చోబెట్టాడు. ఆ కథ మొదలుపెట్టింది ఆ రోజే. మేక టైంటేబుల్ తిన్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఏడుపొచ్చింది. మర్నాడు వానకాడికి వచ్చాడు. "వాన దంచుతుంది, ఎఫ్రాయిమన్న జెండా వట్టుకొని నిలవడ్డడు" అని టక్కున ఆగాడు. దారమేదీ తెగలేదు. ఆమె చూసి చూసి కర్ర మీద రెండుసార్లు కొట్టింది. టక్ టక్. అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఆఖరికి అన్నాడు, "హన్నమ్మ గొడుగు దీస్కొని ఉరికొచ్చింది."

ఆ గొడుగు పుస్తకంలో లేదు. గొడుగు తర్వాత చెప్పిందేదీ పుస్తకంలో లేదు. ఇంకో చావు ఆమె చెవిన వేయలేక ఎఫ్రాయిమన్నను ఇరవై ఆరేళ్లు బతికించుకుంటూ వచ్చాడు.

తిరుగు బస్సులో చంద్రకళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎంత పిచ్చిదాన్ని, కొత్త కథ కోసం ఊరు కాని ఊరు పోయానే అనుకుంది. కొత్త కథలు పుట్టేది ఒక్కచోటే. ఆ గొంతు కోసి తీసేసి నాలుగు నెలలయింది. ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని గద్వాల దాకా అట్లాగే కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి నాలుగయింది. ఉమేష్ చాయ తాగడానికి వీధి చివరికి పోయాడు, సాయిశ్రీ వంటింట్లోకి పోయింది. చంద్రకళ కాళ్లైనా కడుక్కోకుండా మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు, కథ అల్లడం అసలే రాదు. ఏం చెప్పాలో తెలియకుండానే నోరు తెరిచింది.

"ఉమేషు నాయినా. బండి ఆగింది."

మార్కండేయ కదల్లేదు.

"నిజంగనే ఆగింది. మొన్న మంగళారం. ఎందుకు ఆగిందో ఎవలకు తెల్వదు. ఎఫ్రాయిమన్న గప్పుడు కూసోని మోకాళ్లకు నూనె రాసుకుంటుండు. టోపీ ఏడవెట్టిండో యాదికి లేదు. జెండా హన్నమ్మ ఎత్కపోయి మేక కింద పరిసింది. ఇరవయ్యారేండ్ల సంది దినాం నిలవడ్డోడు గా ఒక్కదినమే కూసున్నడు. గా దినమే వచ్చి ఆగింది."

మార్కండేయ ముఖం గోడ నుంచి ఇటు తిరిగింది. ఇన్నాళ్లకు అతని కళ్లు నేరుగా ఆమెను చూశాయి. చంద్రకళ ఆపలేదు.

"బండిలకెల్లి ఒక దొర దిగిండు. సూటు బూటు. 'ఇది ఏ ఊరయ్యా' అని అడిగిండు. ఎఫ్రాయిమన్న బోర్డు దిక్కు సూసిండు. బోర్డు మీద పేరు ఎండకు ఎప్పుడో పోయింది. ఎన్నడన్న ఎవలన్న అడిగితే గద ఊరి పేరు ఆయనకు యాదికుండేది. గుటకలు మింగిండు. ఇటు సూసిండు, అటు సూసిండు. ఆఖర్కి మేక దిక్కు తిరిగి, 'నువ్వన్న చెప్పవే, గా టైంటేబుల్ తిన్ననాడు సదువుకోలేదా' అన్నడు."

బుస్సుమని చప్పుడొచ్చింది.

మార్కండేయ భుజాలు అదిరాయి. పైపులోంచి గాలి బుస్సు బుస్సుమని తన్నుకొచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారాయి, నోరు తెరుచుకుంది, కడుపు ఎగిసెగిసి పడింది. చెయ్యి చాచి మంచం పట్టె మీద కొట్టాడు. టక్ టక్. మళ్లీ కొట్టాడు. టక్ టక్.

చంద్రకళ పీట తన్నుకుని లేచింది. "ఉమేషూ, మీ నాయినకు పైపు అడ్డం వడ్డది, ఉరుకు రా" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. అతను చెయ్యి చాపి ఆమె కొంగు పట్టుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు. భయపడుతున్నాడనుకుంది. "భయం లేదు, పోదాం, పోదాం" అంటూ ఆ చేతిని విడిపించుకుంది. భాగ్యమ్మ ఆటో పిలిచింది. పది నిమిషాల్లో దవాఖానలో ఉన్నారు.

నర్సు పైపులోకి సన్నటి గొట్టం దింపి చూసింది. "ఏం అడ్డం లేదమ్మా, సాఫ్గనే ఉంది" అంది. అప్పటికి బుస్సుమనడం కూడా ఆగిపోయింది. ఎందుకైనా మంచిదని రెండు రోజులు ఉంచమన్నారు. కుడిచేతికి సెలైన్ సూది గుచ్చి టేపు వేశారు. చంద్రకళ దేవుడికి దండం పెట్టుకుంది. తాను చూశాను గనుక సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మార్కండేయ కళ్లు తెరిచి ఆమెను వెతుక్కున్నాడు. దగ్గరికొచ్చింది. ఎడమచెయ్యి మెల్లగా లేపి మంచం ఇనుప కడ్డీ మీద కొట్టాడు. చాలా నీరసంగా, రెండుసార్లు. ఆమె ముఖం చూస్తూ ఆగాడు. మళ్లీ రెండుసార్లు.

"సిస్టరమ్మా, నొప్పంటుండు. సూది ఎయ్యండి" అంది చంద్రకళ.

నర్సు వచ్చి సూది వేసింది. మార్కండేయ ఆమెను చూస్తూ చూస్తూనే మగతలోకి పోయాడు. ఆ మగతలోంచి లేవలేదు. తెల్లవారి ఎనిమిదింటికి గొంతు లోపల రక్తనాళం పగిలి ప్రాణం పోయింది. పోయినప్పుడు ముఖంలో ఏమీ లేదు. నవ్వు ఒక్కటి చూడలేకపోయానే అని చంద్రకళ దవాఖాన గోడకు తల కొట్టుకుని ఏడ్చింది.

పద్నాలుగో రోజు ఉమేష్ తండ్రి మగ్గం మీది దుమ్ము దులిపాడు. చీర సగంలో ఉంది. ఇంకొకరి మగ్గానికి సెలవు చెప్పి వచ్చి గుంటలో తండ్రి చోట కూర్చున్నాడు. "రా అమ్మా" అన్నాడు. చంద్రకళ వచ్చి తన చోట కూర్చుంది. చేతులకు అలవాటైన పనే గనుక నాడె చేతికి తీసుకుంది. ఉమేష్ కాలు తొక్కాడు, నూలు నాడె విసిరాడు, దారం బిగిసేలా మగ్గం పలక గుద్దాడు. మళ్లీ తొక్కాడు. రెండు జానల దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఆమె ఎక్కడో ఆలోచనలో పడి విసరడం మరిచిపోయింది.

ఉమేష్ తలెత్తలేదు. చిన్నప్పట్నుంచి తండ్రి దగ్గర చూసి నేర్చినవాడు, అలవాటు కొద్దీ వేలి కణుపుతో మగ్గం కర్ర మీద కొట్టాడు. టక్ టక్.

చంద్రకళ చేతిలో నాడె అట్లాగే ఉండిపోయింది.

కానీ, చెప్పు, అని. ఇరవై ఆరేళ్లు తాను కొట్టిన చప్పుడే. పైపు సాఫ్గనే ఉందని నర్సు చెప్పింది. కొంగు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. గొంతు లేనివాడి నవ్వుకు గాలి చప్పుడు తప్ప ఇంకేం చప్పుడుంటుంది? ఒక్క నవ్వు కోసం ఊళ్లు తిరిగి, ఆ నవ్వు ఎదురుగా వస్తే ఆటో ఎక్కించి దవాఖానకు మోసుకుపోయింది. తర్వాత ఏమైందని దవాఖానలో కూడా అడిగాడు.

"అమ్మా, నాడె ఎయ్యి" అన్నాడు ఉమేష్.

"నవ్విండు రా."

"ఎవలు?"

"మీ నాయిన. గా దినం అడ్డం వడలేదు. నవ్విండు. ఇంకా చెప్పమని అడిగిండు. రెండోపారి అడిగితే సూది ఏపిచ్చిన."

ఉమేష్కు ఏమీ అర్థం కాలేదు. తల్లి ముఖం చూసి అడగడానికి కూడా భయపడ్డాడు. చుట్టుపక్కల ఇళ్లన్నిటిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆమెను పనిలో పడేద్దామనుకున్నాడో ఏమో, అతను మళ్లీ మెల్లగా రెండుసార్లు కొట్టాడు.

"కొట్టకు బిడ్డా" అంది చంద్రకళ. "నాకు రాదు. గా తర్వాత ఏమైందో నాకు తెల్వదు."